పిన్ని చాప మీదికి వచ్చిన సాయంత్రం

నా చిన్నప్పుడు చిలకలపూడి సాయంత్రాలకు ఒక వాసన ఉండేది. నీళ్లు చల్లిన వాకిలి, పొయ్యి మీద ఉడికే అన్నం, వాటి మీదుగా బందరు సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలి. ఆ గాలికి వాకిట్లో చాపలు పరుచుకుని అందరం కూర్చునేవాళ్లం. డైరీ రాసే అలవాటు నాకు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. అందుకే ఇప్పుడు చెప్పబోయే సాయంత్రానికి నా దగ్గర తేదీ లేదు. గాలి మాత్రం ఉంది.

మా బాబాయి రోల్డుగోల్డు నగలు చేసేవాడు. పాతికేళ్ల మనిషి. కొట్లో సొంత బల్ల, పనిముట్లు, ఇంట్లో ఒక కుట్టుమిషను, అదీ ఆయన ఆస్తి. పిన్ని కాపురానికి వచ్చి ఏడాదయింది. అందరం చాపల మీద ఉంటే తను మాత్రం తలుపు వెనకే నిలబడేది. గాజుల చప్పుడును బట్టి అక్కడుందని తెలిసేది.

ఆ వేసవిలో బాబాయి పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. దినాలు కాగానే అతని బల్ల అన్నదమ్ములు తీసుకున్నారు. భార్యను ఒక రేకుపెట్టెతో గుడివాడ రైలెక్కించి పుట్టింటికి పంపేశారు. ఆ పెట్టెను స్టేషను దాకా మోసింది మా బాబాయే. అప్పటినుంచి అన్నం దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆ సాయంత్రం మాత్రం హుషారుగా వచ్చి, ఒక ఆట ఆడదామన్నాడు. తమ తర్వాత తమ వస్తువు ఎవరికివ్వాలో ఒక్కొక్కరే చెప్పాలట.

"సందెవేళ ఇవేం మాటలురా! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని నాయనమ్మ కసిరింది.

"తిరగనీ అమ్మా. సాక్షులు కావాలిగా!"

మొదట నన్నే అడిగాడు. నా కనకాంబరం మొక్కలు పిన్నికి అన్నాను. తలుపు వెనక గాజులు కదిలాయి. తాతయ్య తన చేతికర్రను పక్కింటి ముసలాయనకు ఇచ్చేశారు, ఎలాగూ ఆయన అడక్కుండానే పట్టుకెళుతున్నాడు కదా అని. నాయనమ్మకూ సరదా పుట్టింది. నీ వక్కల పెట్టె తాతయ్యకేనా అంటే, "పళ్లు లేని మనిషికి వక్కలెందుకు? దీనికిస్తా" అని నన్ను ఒళ్లోకి లాక్కుంది. వెలుగు తగ్గి ముఖాలు మసకబారాయి. నవ్వులు మాత్రం ఎవరివో తెలియకుండా గాలిలో తేలుతున్నాయి. మేం మాట్లాడుకుంటున్నది చావు గురించని ఎవరికీ తోచలేదు.

అప్పుడు బాబాయి, అదే ఆట గొంతుతో, తన బల్లా పనిముట్లూ కుట్టుమిషనూ పిన్నివి అన్నాడు. ఇక్కడ ఉంటుందో, ఇంకెక్కడ ఉంటుందో ఆమె ఇష్టమన్నాడు. రేపే వీలునామా రాయిస్తున్నానని కూడా చెప్పాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"పాతికేళ్లవాడికి వీలునామా ఏంట్రా? యముడికి అడ్రసు రాసిస్తావా?"

"మా కొట్టు అడ్రసు ఆయనకు తెలుసమ్మా. మొన్న పక్క బల్ల దాకా వచ్చి వెళ్లాడుగా."

 నాయనమ్మ నా జుట్టులో వేళ్లు పోనిస్తూ చీకట్లోకి చూసింది. తన వస్తువు తాను నవ్వుతూ ఇచ్చుకున్నాక, కొడుకును ఏమని కాదంటుంది? చివరికి తలుపు వైపు తిరిగి, "ఎంతసేపు నిలబడతావే, కాళ్లు లాగవూ? రా, ఇలా కూర్చో" అంది.

పిన్ని వచ్చి చాప అంచున, నా పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. మర్నాడు తాతయ్యా, పక్కింటి ముసలాయనా ఆ చేతికర్రతోనే వెళ్లి సాక్షి సంతకాలు చేసి వచ్చారు.

బాబాయి ముసలివాడయ్యేదాకా బతికాడు. పిన్నే ముందు వెళ్లిపోయింది. ఆ కాగితం దేనికీ అక్కరకు రాలేదని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతుంటారు. ఉద్యోగంలో చేరిన ఏడాదే నేనూ వీలునామా రాశాను. పెళ్లయ్యాక ఒకసారి, పిల్లలు పుట్టాక ఒకసారి మార్చి రాశాను. మా ఇంట్లో ఎవరికి మొదటి జీతం వచ్చినా పిలిచి రాయమంటాను. ఈ వయసులో ఎందుకని అడిగితే, ఆ సాయంత్రం గురించే చెబుతాను. ఆ తర్వాత మా పిన్ని తలుపు వెనక నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.