రెండు చేతుల ముడి

దయ్యాలున్నయంటే నేనెప్పుడు నమ్మలే. చిన్నప్పటి సంది నేను భయపడ్డది ఒక్క లెక్కల సారుకే. ఆ భయంతోనే ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన. ఇరవై ఏండ్లు మిర్చి బజ్జీలేసుకుంట బతికి, పోయిన ఎండకాలం నన్ను నేనే నూనెల ఏసుకున్న. బజ్జీకైతే ఎర్రగ అయ్యేదాక ఓపిక ఉంటది. నాకు లేకుండె, బండి కాడ ఒర్రిన ఒర్రుడు షామీర్‌పేట దాక ఇనవడ్డదంటరు.

అలియాబాద్ కాడ రోడ్డు పక్కన మా బండి. ఆ రోజు కాలనీ సారు ఒకాయనతోని నవ్వులాటలాడుకుంట, చూసుకోకుండ మూకుడు చెవికి మోచెయ్యి తాకిచ్చిన. మూకుడు ఒరిగింది. కుడి చెయ్యి, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాక కాలింది.

చుట్టున్నోళ్లు తలొకటి చెప్పిండ్రు. ఒకలు పేస్టు రుద్దమన్నరు, ఒకలు కాఫీ పొడి చల్లమన్నరు. నా భార్య లలిత ఎవ్వరి మాట ఇనలే. నీళ్ల డ్రమ్ము నల్లా కింద చెయ్యి వెట్టిచ్చి, ఇరవై నిమిషాలు తియ్యనియ్యలే. అటెంక మేడ్చల్ దవాఖానకు తీస్కపోయింది.

డాక్టరు సూది ఇచ్చి, తెల్ల మలాము రాసి, రెండు మాటలు చెప్పిండు. బొబ్బలు చిదపొద్దు. తను రాసిచ్చింది తప్ప ఇంకేది పెట్టొద్దు. చీము పడితే వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటయి, మళ్ల మంచిగ ఇడిపోవు అన్నడు. బజ్జీల పిండి కలిపేది, నూనెల జారవిడిసేది ఆ వేళ్లే. అవి పోతే నా ఇల్లు నడవదు. అప్పుడు నవ్వు రాలే నాకు.

రోజు తప్పి రోజు కట్టు మార్చేది ఎస్తేరు సిస్టరు. మా గల్లీ చివర చర్చి ఎనక ఉంటది. పగలు ఒక క్లినిక్‌ల పని, సాయంత్రం బస్తీ వాళ్లకు ఇంట్లనే కట్లు కడ్తది. ముందుగాల మోచేతుల దాక సబ్బుతోని కడుక్కునేది. పాత కట్టును ఎన్నడు గుంజలే. సెలైన్ నీళ్లు పోసి, నానినంక మెల్లగ తీసేది. ఒక్కొక్క వేలు మధ్యల గాజు గుడ్డ, అంటే పుండ్ల మీద ఏసే పల్చటి దవాఖాన గుడ్డ పెట్టి, ఆఖరుకు ప్లాస్టరు అంటిచ్చేది. అవసరం పడితే ఉంటదని ఒక సెలైన్ సీసా, గాజు గుడ్డ, కట్టు చుట్ట మా ఇంట్ల పెట్టిచ్చింది. కొత్త సబ్బు గూడ కొనిపిచ్చి, దేన్ని ముట్టినా ముందు చేతులు కడుక్కోమన్నది. లలిత అన్నీ ఒక స్టీలు డబ్బల పెట్టింది.

మూడు కట్లయినయి. ఆదివారం నాడు రావల్కోల్ నుంచి మా అవ్వ వచ్చింది. వచ్చుడుతోనే కొంగుల ఏదో ఆకు. ఆ పసరుతోని మా తాత కాలు మానిందంట.

నేను అవ్వను కాదనలేను. సిస్టరును కాదనలేను. ఇద్దరి మాట ఇన్న. లలిత బండి కాడికి పోయినంక అవ్వ కట్టు ఇప్పింది, ఆకు తెంపిన చేతులు చీరె కొంగుకు తుడుసుకొని పసరు పట్టిచ్చింది, మళ్ల అదే కట్టు చుట్టింది. లోపల అవ్వ, పైన సిస్టరు. ఇద్దరు ఖుష్ అనుకున్న. అంత తెలివి నాకు తప్ప ఇంకెవరికుంటది.

సోమవారం పొద్దుగాల అవ్వ మొదటి బస్సుకు ఎల్లిపోయింది. పదింటి వరకు చెయ్యి లోపల సుత్తెతోని కొట్టినట్టు పోటు. కట్టు మీదికి పచ్చగ మరక ఊరింది, వాసన సురువయింది. ఒళ్లు కాలవట్టింది. లలితకు చెప్తే తిడతదని చెప్పలే. ఆమె బండి కాడికి పోయినంక, కోతుల బాధకు లోపలి గొళ్లెం పెట్టి చాప మీద పండుకున్న.

నాకు యాదికున్నది ఇంతే. నీళ్లు పోస్తున్న సప్పుడు. చెయ్యి సల్లవడుడు. సబ్బు వాసన. ఎవరో నా మణికట్టు పట్టుకున్నరు, గట్టిగ కాదు. లలిత వచ్చిందనుకొని కండ్లు తెరవలే.

నాలుగింటికి లలిత తలుపు కొట్టింది. లేసి ఎడమ చేత్తోని గొళ్లెం తీసిన. ఆమె నా చెయ్యి చూసి, "సిస్టరు ఎప్పుడొచ్చింది?" అన్నది.

కట్టు తెల్లగుంది. వేళ్ల మధ్యల కొత్త గాజు గుడ్డ. పోటు తగ్గింది. చాప పక్కన పాత కట్టు పేపర్ల పొట్లం చుట్టి ఉంది, పచ్చ మరకతోని సహా. పొద్దుగాల మూత తియ్యని సెలైన్ సీసా సగమయింది. బాత్‌రూం కాడ అప్పటిదాక ఎవ్వరం ఇప్పని కొత్త సబ్బు తడిగుంది, దాని కాయిదం మడత పెట్టి పక్కకుంది. ఇంట్ల ఉన్న కిటికీ ఒక్కటే, దానికి ఇనుప జాలి కొట్టి ఉంది.

లలితకు అప్పుడు పసరు సంగతి చెప్పక తప్పలే. తిట్టలే. పొట్లం సంచిల ఏసుకొని నన్ను ఎస్తేరు సిస్టరు ఇంటికి తీస్కపోయింది.

సిస్టరు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. పొద్దంత క్లినిక్‌లనే ఉందంట. మా ఇంటికి రాలేదు. పొట్లం ఇప్పి వాసన చూసి, నా దిక్కు ఒక చూపు చూసింది. తర్వాత చేతులు కడుక్కొని కట్టు తీసింది. లోపల పసరు జాడ లేదు. వేళ్ల సందులల్ల గూడ కడిగి ఉంది.

"ఇది నా కట్టు కాదు" అన్నది. "నేను ప్లాస్టరు పెడత. ఇక్కడ కట్టు కొసను రెండుగ చింపి ముడేసిండ్రు. గిది పాత పద్ధతి. గాని మంచిగ కట్టిండ్రు."

తెల్లారి డాక్టరు చూసి మందులు మార్చిండు. చీము పట్టుడు మొదలైంది గని లోపలికి పోలేదన్నడు. ఇంకొక్క రోజు ఆ పసరు అట్లనే ఉంటే వేళ్ల సంగతి చెప్పలేకపోదుము అన్నడు. నెల రోజులకు పుండు మానింది. చిటికెన వేలు మాత్రం పూర్తిగ ముడుసుకోదు. బజ్జీలకు అది అక్కర లేదు.

నేను ఊకోలే. జ్వరంల నేనే కట్టుకున్ననేమో అనుకొని, మానినంక ఎడమ చేతి ఒక్కదానితోని ఆ ముడి ఎన్నోసార్లు ఏసి చూసిన. పడలే. పండ్లతోని పట్టి గుంజితే పడ్డది గని గుడ్డ నలిగి తడిసింది. ఆ రోజు కట్టు ఇస్త్రీ చేసినట్టుండె. లలిత బండి కాడ నుంచి కదల్లేదని పక్క చాయ్ హోటలాయన చెప్పిండు. అవ్వ రావల్కోల్ల ఉంది, ఉన్నా తన పసరు తనే ఎందుకు కడుగుతది. కోతులు చేసినయందామంటే, అవి అరటిపండ్లు తప్ప ఇంకేవి ఒలిసేటియి కావు. ఆ గొళ్లెం బయట నుంచి తీసెటందుకు రాదు.

ఎవరు చేసిండ్రో నాకు ఇప్పటికి తెల్వది. నమ్ముమని ఎవ్వరికి చెప్తలే.

మొన్న సిస్టరుకు వేడి బజ్జీలు ఇయ్యపోయి, మళ్ల నోరు ఊకోక అన్న: "సిస్టరూ, దయ్యమే వచ్చి నాకు కట్టు కట్టిపోయిందంటే మీరు నమ్ముతరా?"

ఆమె గాజు గుడ్డ కత్తిరించుకుంటనే, తల ఎత్తకుండ జవాబిచ్చింది.

"దయ్యమో ఎవరో, పుండు ముట్టేముందు సబ్బుతోని చేతులు కడుక్కున్నరు. నువ్వు, మీ అవ్వ కడుక్కోలే."