బస్తాకు నాలుగు కిలోలు

ఇక్కడ రాస్తున్న అంకెలన్నీ 1962లో మెట్‌పల్లిలోని మా కిరాణా దుకాణం పుస్తకంలో నా చేతిరాతతో ఉన్నవే. పుస్తకంలోకి ఎక్కనిది ఒక్క చప్పుడు మాత్రమే. దాని సంగతి వచ్చినచోట చెబుతాను.

మా నాన్న, బాపు, చనిపోయిన ఏడాది దుకాణం నా చేతికి వచ్చింది. అప్పటికే సేర్ల తూకంరాళ్ల స్థానంలో కిలో బాట్లు, అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. నేను చేసిన మొదటి మార్పు కొసరు ఆపడం. తరాజు ముల్లు నిలిచాక, కొన్నవారి సంచిలో మరో చారెడు ఉచితంగా వేయడం మా వైపు దుకాణాల మర్యాద. బాపు ఒక్కనాడూ దాన్ని తప్పలేదు. నేను గోడ మీద సుద్దతో రాశాను: "కొసరు లేదు. తూకం ఖరారు."

కందిపప్పు లెక్క ఇది. వంద కిలోల బస్తా, బండి కిరాయితో కలిపి, అరవై రూపాయలకు పడేది. కిలో డెబ్బై అయిదు పైసలకు అమ్మేవాణ్ణి. బాపు ఈ వంతును "రూపాయికి నాలుగణాల లాభం" అనేవాడు. పెట్టిన అరవైకి పదిహేను, అంటే నాలుగో వంతు. నేను గల్లా వైపు నుంచి లెక్క కట్టేవాణ్ణి. వచ్చిన డెబ్బై అయిదులో పదిహేను, అంటే అయిదో వంతు. రెండూ అవే పదిహేను రూపాయలు. దేనితో భాగిస్తున్నామన్నదే తేడా. దుకాణం కిరాయి, జీతం, ఇంటి ఖర్చు వెళ్లేది వచ్చిన డబ్బులో నుంచే కాబట్టి అయిదో వంతే నా కొలత అయింది.

పప్పు ఉద్దెరకు, అంటే అప్పుకు, ఇచ్చేవాణ్ణి కాదు. పప్పు డబ్బుకు వేరే డబ్బా పెట్టాను. మొదటి బస్తా ఖాళీ అయిన సాయంత్రం ఆ డబ్బాలో డెబ్బై రెండు రూపాయలు ఉన్నాయి. లాభం పన్నెండు. అయిదో వంతు కావలసింది ఆరో వంతుకు దిగింది. అంటే నాలుగు కిలోలకు డబ్బు రాలేదు.

రెండో బస్తాకు డెబ్బై రెండు. మూడో బస్తాకూ డెబ్బై రెండే.

ఎలుకలు తింటే, గింజ ఎండి బరువు తగ్గితే, మూడు బస్తాలకూ నష్టం ఒకే తీరుగా ఉండదు. అయినా బోను పెట్టాను. బాట్లను మరో దుకాణం బాట్లతో సరిచూశాను. దుకాణం మూసేటప్పుడు బస్తాను జోకి, బరువు రాసుకుని, తెరిచేటప్పుడు మళ్లీ జోకాను. తేడా లేదు. పప్పు పోయేది పట్టపగలు, నా కళ్ల ముందే.

చప్పుడు వినబడసాగింది అప్పుడే. తరాజు నిలిచి, పళ్లెం సంచిలోకి ఒంపేశాక, నేను గల్లా వైపు తిరగబోయే క్షణంలో, గింజలు జారినట్టు "సర్"మని ఒక్కసారి. చూస్తే ఏమీ ఉండేది కాదు. ఎలుకే అనుకున్నాను, బోనులో ఒక్క ఎలుకా పడకపోయినా.

ఒక ఆదివారం బాపు పాత పుస్తకాలు దించాను. అవి నిజాం నాణెం, హాలీ సిక్కా, చెల్లిన రోజులవి. సేర్లలో, అణాలలో ఉన్నాయి. ప్రతి పప్పు బస్తాకూ కొనుగోలు ఎంత, రాబడి ఎంత అని భాగించి చూశాను. ఆరో వంతు. తరువాతి ఏడు, ఆరో వంతు. సిక్కా మారింది, తూకం మారింది, ధర మారింది, ఆ వంతు మారలేదు. కొసరు వేసిన బాపుకు వచ్చిన లాభమే, కొసరు ఆపిన నాకూ వస్తున్నది.

తరాజు దగ్గర నేను కాక ఉండేది ఒక్కరే, కాకా. బాపు దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. బస్తాలు విప్పేది, పప్పు చెరిగేది, నేను లేనప్పుడు జోకేది ఆయనే. భార్య లేదు, కూతుర్ని ఖానాపూర్‌లో ఇచ్చాడు. దొంగ అన్న పేరు పడితే మా బజారులో ఏ దుకాణమూ ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వదు. ఇది తెలిసి కూడా, నలుగురు బేరగాళ్ల ముందు అడిగాను.

"కాకా, బస్తాకు నాలుగు కిలోలు ఎటు పోతున్నయి?"

ఆయన చాట పక్కన పెట్టాడు. "నన్ను అడుగుతున్నవా బిడ్డా?"

"ఈడ ఉన్నది మనం ఇద్దరమే. నేనైతే తీసుకోలే."

ఆయన నా మొహం కాదు, నా చేతిని చూశాడు. భుజం మీది తువ్వాల దులుపుకున్నాడు. "సరే. నేను పోతున్న. నేను పోయినంక గూడ లెక్క రాయి. ఆపకు."

మరునాడు ఖానాపూర్ వెళ్లిపోయాడని తెలిసింది.

నాలుగో బస్తా నేనొక్కణ్ణే విప్పాను, నేనొక్కణ్ణే అమ్మాను. చప్పుడు ఆగలేదు. ఆరో రోజు బస్తా ఖాళీ అయింది. డబ్బా బోర్లించి లెక్కపెట్టాను. డెబ్బై రెండు రూపాయలు.

ఆ మరుసటి పొద్దున మగ్గాల వాడ నుంచి రోజూ వచ్చే పెద్దమ్మ కిలో పప్పు తీసుకుని పైసలు లెక్కబెడుతూ గోడ వైపు చూసి నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నవ్ పెద్దమ్మా?"

"మా మనుమడు చదివి చెప్పిండు సావుకారీ, గా గోడ మీదిది. వాడకట్టంత నవ్వుకున్నది. కొసరు లేదని రాసుడు నీది, ఏసుడు మీ బాపుది."

"నేను ఎప్పుడేసిన?"

"గిప్పుడే ఏసినవ్ గదా! పరాచికాలా?" ఆమె సంచి తెరిచి చూపింది. "మీ బాపు లెక్కనే. గా రెండు వేళ్లు ముడిసి, మూడు వేళ్లతోని."

బండిచక్రం కింద పడి బాపు కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. ఆయన చారెడు మూడు వేళ్ల చారెడు. నేను నా కుడిచేయి చూసుకున్నాను. అరచేతిలో పప్పు పొడి పసుపు పచ్చగా అంటి ఉంది.

ఆమె మాట నమ్మలేదు. అయిదో బస్తాకు కుడిచేతికి గుడ్డ చుట్టి, కాలిందని చెప్పి, ఎడమచేత్తో గిన్నెతో పప్పు పోసి జోకాను. "ఎడమచేయితో జోకుడేంది?" అని కసిరినవాళ్లు గుడ్డ చూసి ఊరుకున్నారు. ఆ బస్తా నడిచినన్ని రోజులూ చప్పుడు లేదు. చివరికి డబ్బాలో డెబ్బై అయిదు రూపాయలు, పైసా తక్కువ లేకుండా. గుడ్డ విప్పితే లోపల చివరి రెండు వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. చాపడానికి కొంతసేపు పట్టింది.

గోదావరి దాటి ఖానాపూర్ పోయాను. కాకా కూతురి వాకిట్లో నులక మంచం అల్లుతున్నాడు. ముందుగా ఆయన అడిగింది అదే.

"నాలుగో బస్తా ఎంత?"

"డెబ్బై రెండు."

"ఊఁ."

"తెలిసి గూడ ఎందుకు చెప్పలే కాకా?"

"చెప్తే నమ్మేటోనివా? దొంగతనం నీ మీదికే నూకుతున్ననని అందువు. నీకు లెక్కనే చెప్పాలె." నా చేయి తీసుకుని ఆ రెండు వేళ్లు వంచి చూశాడు. "పదిమందిల అడిగినవ్. పదిమందిలనే చెప్పాలె," అన్నాడు.

వారపు అంగడి రోజున దుకాణం ముందు నిలబడి అయిదు బస్తాల లెక్క పైకి చదివాను. నష్టం నా చేతిదనీ, కాకాది కాదనీ చెప్పాను. కొందరు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. కాకా వచ్చి తన చాట తీసుకున్నాడు.

గోడ మీది రాత తుడిచి ధర తిరిగి కట్టాను. వంద కిలోలు కొంటే అమ్మకానికి ఉండేవి తొంభై ఆరే కాబట్టి కిలో అసలు ధర అరవై కాదు, అరవై రెండున్నర పైసలు. రాబడిలో అయిదో వంతు మిగలాలంటే డెబ్బై ఎనిమిది పెట్టాలి. పెట్టాను.

తెలిసి వేసిన మొదటి కొసరు అయిదు వేళ్లతో పడింది.

"శానా అయింది బిడ్డా," అన్నాడు కాకా.

రెండోసారి తక్కువైంది.

"చేయి దిక్కు చూడకు. గల్లా దిక్కు చూడు."

తల తిప్పి గల్లా వైపు చూశాను. నా వెనక "సర్"మన్నది. కాకా తరాజు దింపి, సరిపోయిందన్నాడు. ఆ బస్తాకు వచ్చింది డెబ్బై నాలుగు రూపాయల ఎనభై ఎనిమిది పైసలు. తొంభై ఆరును డెబ్బై ఎనిమిదితో హెచ్చిస్తే అంతే వస్తుంది.