బొట్టు పెట్టిన డిస్కు

కొత్త వస్తువు ఏదైనా సరే, బొట్టు పెట్టనిదే నర్సింగ్ పనిలోకి దించడు. జగిత్యాల వైపు పల్లె నుంచి దుబాయి అని బయల్దేరి బహ్రెయిన్‌లో తేలినా ఆ అలవాటు మానలేదు. సనాబిస్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో మూటలు మోయడానికి చేరినవాడు, చూసి చూసి కంప్యూటర్ పని పట్టాడు. బిల్లులూ కెమెరాలూ నడిపే సర్వర్ ఇప్పుడు అతని చేతిలోనే ఉంది. కుంకుమ భరిణె గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. వీసా ఇచ్చిన దుకాణం యజమాని, కఫీల్, చూసి నవ్వి ఊరుకుంటాడు.

ఈమధ్య ఎదురుగా కడుతున్న భవనం మీంచి పోశన్న పడ్డాడు. నర్సింగ్ ఊరివాడే, కూలీల క్యాంపులో పక్క మంచం. రెండు కాళ్లూ విరిగి సల్మానియా ఆసుపత్రిలో ఉన్నాడు. బెల్టు లేకుండా ఎక్కాడు, తప్పంతా వాడిదేనని కంపెనీ చేతులు దులుపుకుంది. పచ్చి అబద్ధం. దుకాణం బయటి కెమెరాలో అంతా పడింది: నడుముకు బెల్టు ఉంది, తెగింది తాడు. నర్సింగ్ కళ్లారా చూశాడు. వీడియో తెచ్చిస్తానని పోశన్నకు మాటిచ్చాడు.

అయితే సర్వర్‌లోని పాత డిస్కు మూలగడం మొదలుపెట్టింది. అది చస్తే వీడియో కూడా పోతుందని నర్సింగ్‌కు బెంగ పట్టుకుంది. రెండు కొత్త డిస్కులు తెప్పించాడు. వాటిని జత కడితే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది.

"ముందుగాల ఆ వీడియో పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకో నర్సింగ్ భాయ్," అన్నాడు దుకాణం బండి నడిపే బాసిత్.

"ఏడికి వోతది భాయ్. సీదా కొత్త దాంట్లనే ఎక్కిస్త, ఫికర్ ఉండదు."

శుక్రవారం దుకాణం మూసి ఉంది. నర్సింగ్ పాత డిస్కు ఊడదీసి, దుమ్ము ఊది, కొత్తవాటి పక్కన బల్ల మీద పెట్టాడు. మూడూ ఒకే కంపెనీవి, కవల పిల్లల్లా ఉన్నాయి. ఒక కొత్తదానికి బొట్టు పెట్టాడో లేదో ఫోన్ మోగింది.

"అన్నా, వకీలు సాబ్ ఆదివారం వస్తడట. వీడియో తెమ్మన్నడు," అన్నాడు పోశన్న.

"తెస్త తమ్మీ. నువ్వు రంది వెట్టుకోకు."

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే రెండు డిస్కుల మీద రెండు బొట్లు. రెండింటికీ పెట్టేశాననుకుని వాటినే బిగించాడు. బొట్టు లేనిదాన్ని తువ్వాలులో చుట్టి, బంగారంలాగా బీరువాలో దాచాడు. కొత్త సిస్టం ఎక్కిస్తుంటే మధ్యలో తెర అడిగింది: ఈ రెండు డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని. కొత్తవాటిలో చెరగడానికి ఏముందిలే అని సరే నొక్కాడు. మొదటి డిస్కులోని ఖాళీని యంత్రం రెండోదానిలోకి నింపుకుంటూ పోయింది. అది పూర్తయ్యేదాకా నర్సింగ్ ఎదురుగా కూర్చుని, పప్పన్నం తింటూ, తృప్తిగా చూశాడు.

తర్వాత బీరువాలోది తెచ్చి తగిలించాడు. అందులో ఏమీ లేదు. కొత్తది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత డిస్కు కూడా ఒకనాడు కొత్తదే. దానికీ తన చేత్తోనే బొట్టు పెట్టాడు. సర్వర్ పెట్టెలో ఎవరి చెయ్యీ తగలక ఆ బొట్టు చెరగలేదు. పోయినవాటిని వెతికే ప్రోగ్రాములు రెండు మూడు నడిపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. బాసిత్ వచ్చి చూసి, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని నర్సింగ్‌కు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కన నిలబడే అంతా చెప్పేశాడు. పోశన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వైతే సూసినవ్ గదన్నా. బెల్టు ఉండె గదా."

"ఉండెరా. నా కండ్లతోని సూసిన."

"కంపెనీ సంగతి ఇడిసిపెట్టు. మా నాగవ్వ గుడ నేను తాగి ఎక్కిన్ననే అంటున్నది. వీడియో వస్తది, సూడు అని చెప్పుకుంటొచ్చిన." పోశన్న దిండు కింది ఫోన్ తీసి, భార్యకు కలిపి, నర్సింగ్ చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పన్నా. నేను చెప్తే నమ్మది."

నర్సింగ్ నోరు తెరిచేలోపే అవతల నుంచి నాగవ్వ అందుకుంది.

"అన్నా, వీడియో తెచ్చినవా? నాక్కూడ పంపు. నా మొగడు అబద్దం ఆడుతలేడని ఒక్కపారి సూసుకుంట."