నా కాలరు పట్టుకున్న పెద్దమ్మ

"పెద్దమ్మ పోయింది. నువ్వెక్కడున్నవ్?"

మొన్న పొద్దున నా భార్య ఫోన్ చేసి అన్న మాటలివి. అప్పుడు నేను పాన్‌గల్ దగ్గర ఒక చేనులో ట్రాక్టరుతో దున్నుతున్నాను. పక్కింటి పెద్దమ్మ పల్లి చేనులో కలుపు తీస్తూ కూలబడిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట. ఇంజను ఆపి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. నా భార్య అడిగిన రెండో మాటలో మాత్రం దుఃఖం లేదు, భయం ఉంది. ఇక నన్ను ఆపేవాళ్లు ఎవరున్నారన్న భయం. అది మీకు అర్థం కావాలంటే నేను చేసిన పాడు పనులు కూడా చెప్పాలి.

ఆమె నాకు చుట్టం కాదు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. కూలికి బొంబాయి దాకా పోయివచ్చిన మనిషి. భర్త తాగి తాగి నెత్తురు కక్కుకుని చచ్చాడు. అందుకే తాగుబోతంటే ఆమెకు జాలి లేదు, ఒళ్లు మండేది.

నేను తాగి నా భార్యను ట్రాక్టరు ఫ్యాను బెల్టుతో కొట్టేవాణ్ని. కూరలో ఉప్పెక్కువైందని ఒకసారి, ఫోన్‌లో నవ్విందని ఒకసారి. ఒక పట్టపగలు వీపు చిట్లి జాకెట్టు అంటుకుపోయేదాకా కొట్టాను. పెద్దమ్మ వచ్చి, ట్రాక్టరు మీదున్న నా పానా అందుకుని మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది. కింద పడ్డాక ఇంకొకటిచ్చింది.

"ఇంగ లెవ్వు. లేసి కొట్టు, సూస్త," అంది.

లేవలేకపోయాను. ఇప్పటికీ కుంటుతాను.

తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగు ఎక్కడ జరుగుతుందో ఆమే వెతికింది. మీటింగు నాగర్‌కర్నూల్‌లో జరుగుతుందని దవాఖానలో నర్సమ్మ చెబితే, పని మానుకుని అక్కడికి పోయింది. గదికి తాళం. వనపర్తిలో అడుగమ్మా అన్నాడట పక్కన చాయ్ అమ్మేవాడు. వనపర్తిలో సందులన్నీ తిరిగి, ఒక బడి వెనక గది పట్టుకుంది. ఆదివారం నా కాలరు పట్టి బస్సెక్కించింది.

గదిలో పదిమంది మగవాళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు. ఇటిక్యాల నుంచి వచ్చే ఒకాయన కన్నతల్లి వేలు విరిచిన సంగతి చెప్పి, చాయ్ తాగాడు. నేను పారిపోకుండా పెద్దమ్మ బయట మెట్ల మీద కాపలా కూర్చునేది.

మా దిక్కు మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టం. తీసిన పూట మాత్రం కల్లు దుకాణంలోనే ఉంటాం. మీటింగు కూడా అలాంటి దీక్షే అనుకున్నాను నేను. నలభై ఒక్క రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మరునాడు మొక్కు తీరినవాడిలా నిమ్మళంగా పోయి తాగాను. తప్పు చేస్తున్నానని కూడా అనిపించలేదు. ఇంటికొచ్చి, అన్నం ఆలస్యమైందని నా భార్య జుట్టు పట్టి తల గోడకు కొట్టాను. పెద్దమ్మ అడ్డమొస్తే చేతికందిన రాయి విసిరాను. ఆమె ఎడమ కన్ను పగిలింది. నీరూ నెత్తురూ కలిసి చెంప మీదికి కారాయి.

కేసు పెట్టమని వాడంతా చెప్పింది. పెద్దమ్మ నా భార్యనే అడిగింది.

"జైల్ల ఏస్తే నాకు సంబురమే బిడ్డా. కానీ తిరిగొస్తడు గదా. తాగనోడై వస్తడా?"

పై ఆదివారం కంటికి కట్టుతోనే మా వాకిట్లో నిలబడింది. "పా, బస్సొస్తది," అంది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను.

"కాళ్లిడువు. ఆడ అందరి ముందట చెప్పు. మాల దీసినట్ల దీసేది కాదురా ఇది. సచ్చిందంక మెడల ఉంటది."

అక్కడ చెప్పాను. చెబుతూ చెబుతూ బయటికి పోయి కక్కుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఒక్క ఆదివారం కూడా ఆమె నన్ను వదల్లేదు. బస్సులో ఎప్పుడూ కుడిపక్కే కూర్చోబెట్టుకునేది. "నిన్ను కనవడని దిక్కు ఎట్ల కూసోబెట్టుకుంట?" అనేది. నన్ను మన్నించావా అని ఒకసారి అడిగాను. "కన్ను మొలిస్తె చెప్త," అంది. ఆ మాటకు నేనింకా రుణపడే ఉన్నాను. ఊరికే మన్నించి ఉంటే మళ్లీ తాగేవాణ్నే.

ఆమె గుంత నేనే తవ్వాను. తవ్వినవాళ్లకు మందు పోయడం మా దగ్గర రివాజు. ఆమె అన్న కొడుకు గ్లాసు తెచ్చి నా మూతికి ఆనించాడు.

"ఒక్క గుక్క తాగు అన్నా. తాగకుంటే ముసల్దానికి మర్యాద జేసినట్లెట్లైతది?"

తాగాలనిపించింది. అబద్ధం చెప్పను, ఒళ్లంతా దాని మీదికే గుంజింది. మరుక్షణం వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. చెయ్యి కూడా లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, పార అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను.

మా గుమ్మంలో నా భార్య రోకలి పట్టుకుని నిలబడి ఉంది.

"ఊదు," అంది.

ఆమె ముఖం దగ్గరగా ఊదాను.

"ఇంకోపారి."

మళ్లీ ఊదాను. పక్కకు జరిగి, స్నానానికి వాకిట్లో పెట్టిన నీళ్లు చూపించింది. తర్వాత అన్నం వడ్డించింది. నేను తిన్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది, రోకలి ఒడిలో పెట్టుకుని.