ఒకే సూదితో ముగ్గురు

2023 వేసవి. కువైట్‌లో, ఫింటాస్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో నేను లాబ్ టెక్నీషియన్ని. పరుగెత్తే ఒంటెకి నరం దొరకబుచ్చుకుని రక్తం తీశానని మావాళ్ళకు చెబుతుంటాను. ఒంటె సంగతి మీరు నమ్మక్కర్లేదు. షారన్ సంగతి నమ్మండి.

షారన్‌కి పదిహేడేళ్ళు. తల్లి కరుణది మా కోనసీమే, ఇక్కడ వేరే ఆసుపత్రిలో నర్సు. పిల్లకి జ్వరమని తీసుకొచ్చింది. ఫోనొచ్చి ఆమె బయటికి వెళ్ళగానే షారన్ గొంతు తగ్గించింది.

"అంకుల్, హెచ్ఐవీ టెస్టు కూడా చేసేయరా? ప్లీజ్."

నాకు చేతిలో ఉన్నది దూదో సూదో తెలియలేదు. "ఎందుకమ్మా?"

చీలమండ చూపించింది. చిన్న నక్షత్రం పచ్చబొట్టు. ముగ్గురు స్నేహితురాళ్ళు రెండు వారాల క్రితం ఒకరికొకరు పొడుచుకున్నారట, ఒకే సూదితో.

"కొత్త సూదులు లేవా?"

"ప్యాకెట్ నిండా ఉన్నాయి. కానీ మార్చమంటే ఫ్రెండ్‌ని అనుమానించినట్టే కదంకుల్! ఇంకెప్పుడూ నాతో మాట్లాడరు."

"చర్చి హాల్లో మీ పిల్లలందరికీ హెచ్ఐవీ మీద క్లాసు చెప్పానుగా?"

"చెడు తిరుగుళ్ళు తిరిగేవాళ్ళకే వస్తుందన్నారు. మేం అలాంటివాళ్ళం కాదుగా."

అన్నాను. ముందు వరుసలో తల్లిదండ్రులు కూర్చున్నారని మొహమాటపడి, సూదుల మాట, బ్లేడుల మాట మింగేశాను. దాని బదులు ఎవడో తిరుగుబోతు కథ అల్లి చప్పట్లు కొట్టించుకున్నాను.

"మరిప్పుడెందుకు భయం?"

"సంవత్సరం చివర నా ఇఖామాకి, అదే ఇక్కడ ఉండే పర్మిట్‌కి, మెడికల్ టెస్టు ఉంది. అందులో తేలితే దేశం నుంచి పంపించేస్తారు. అమ్మకి ఏమని చెప్పను?"

ఇలాంటిది తల్లికి తెలియకుండా చెయ్యనన్నాను. కరుణ లోపలికి రాగానే షారన్ ఏడుస్తూ చెప్పేసింది.

"ఎవడే వాడు?" అంది కరుణ.

"ఎవడూ లేడమ్మా. సూది."

"సూదికోసం ఎవరైనా ఈ టెస్టు అడుగుతారా? మీరే చెప్పండి అన్నయ్యా!"

రోజుకి యాభై సూదులు వాడి పారేసే మనిషి! కూతురు సూది అంటుంటే ఆమెకి కుర్రాడే కనిపిస్తున్నాడు. ఈసారి క్లాసు ముందు పిల్లకి చెప్పాలో తల్లికి చెప్పాలో నాకు అయోమయంగా ఉంది.

టెస్టు చేశాం, నెగటివ్. కానీ ఒంట్లోకి వచ్చిన వైరస్ మొదటి కొన్ని వారాలు పరీక్షలో కనపడకపోవచ్చు. దాన్ని విండో పీరియడ్ అంటాం. మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నాను. వచ్చారు. మళ్ళీ నెగటివే.

"మిగతా ఇద్దరూ?" అనడిగాను.

షారన్ తల దించుకుంది. "రామన్నారు అంకుల్. ముగ్గురం ఒకటే కదా, నీ రిపోర్టే మాదీ అన్నారు."

"నీ రక్తం నీ సంగతే చెబుతుంది తల్లీ. వాళ్ళని తీసుకురా."

"అంటే వాళ్ళని అనుమానిస్తున్నట్టు కాదా? ఎలా అడగను? మీరైతే ఏమని అడుగుతారు?"

ఇన్నాళ్ళూ పిల్లలకి చెడ్డవాళ్ళని చూపించి భయపెట్టాను. ప్రాణస్నేహితురాలి మొహం మీద 'సూది మార్చు' అనడం ఎలాగో ఒక్కసారీ నేర్పలేదు. ఎన్ని కథలైనా అల్లే నాకు ఆ పిల్ల చేతికివ్వడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

"నాకూ తెలియదమ్మా," అన్నాను. "కూర్చో, ఇద్దరం ఆలోచిద్దాం."