దాదీ మామగారి ఇల్లు

సాకేత్‌లో ఆఫీసు పని ముగిశాక, సహోద్యోగి మీనాక్షి నన్ను నజఫ్‌గఢ్ దగ్గరున్న వాళ్ల పాత ఇంటికి తీసుకెళ్లింది. చుట్టూ గోధుమ చేలున్న రోజుల్లో, వాళ్ల నానమ్మ మామగారు కట్టించిన ఇల్లది. నానమ్మను అక్కడ దాదీ అంటారు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది.

నడిమింట్లో మామగారి పటం కనబడగానే దాదీ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"పటానికి కూడా ముసుగా, దాదీ?" అని నవ్వాను.

"ఆయన నా ముఖం ఎప్పుడూ చూడలేదు బేటీ. నేను కొంగు సర్దుకోవాలని గుమ్మం బయటే దగ్గి లోపలికొచ్చేవారు. మా ఆయన పోయాక మరుదులు ఇల్లు అమ్ముదామన్నారు. మామగారు ఒప్పుకోలేదు. ఇల్లు కోడలిదని నలుగురిలో చెప్పి, నా పేరున రాసేశారు."

నా నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు బిల్డర్లు రోజూ వచ్చి అడుగుతున్నారు. నేను ఇవ్వనన్నాను. కానీ మామగారితో కోడలు నేరుగా మాట్లాడకూడదు. ఆయనకు నువ్వు చెప్పు" అంది దాదీ.

నా హిందీ అంతంతమాత్రం. అందుకే పటానికి దండం పెట్టి తెలుగులోనే చెప్పాను. "తాతగారూ, మీ కోడలు ఇల్లు అమ్మలేదండీ."

"అచ్ఛా" అంటూ దాదీ ముసుగులోంచే తృప్తిగా తలూపింది.