కుందేలుకు తలంటు

కుందేలుకు కుంకుడుకాయలతో తలంటు పోసిన మహానుభావుణ్ణి ఈ విశాఖపట్నంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మొన్న మనుమరాలికి చేపపిల్లలు కొందామని గాజువాకలో ఒక దుకాణానికి వెళితే, అక్కడొక అమ్మాయి బొచ్చు కుందేలును ఒళ్ళో పెట్టుకుని పాయపాయగా దువ్వుతోంది. ఏసీ చల్లదనంలోనూ నాకు చెమట పట్టేసింది.

మల్కాపురంలో అద్దెకుంటూ, ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసే రోజులవి. మా బావమరిది వాళ్ళక్కకు తెచ్చిచ్చిన ఆ కుందేలుకు చెవుల కొసల దాకా ఉన్నే. ఉన్ని ఎక్కడ అయిపోయి కుందేలు ఎక్కడ మొదలయ్యేదో తడిమి చూస్తేగాని తెలిసేది కాదు. పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా ఇంకా పిల్లలు లేని మా ఆవిడ దాన్ని ఒడిలోంచి దించేది కాదు. పోర్టు బొగ్గుధూళి మాత్రం ఆరేసిన బట్టల్ని వదలనట్టే దాన్నీ వదల్లేదు.

ఒక ఆదివారం మా ఆవిడ దాన్ని నాకప్పగించి, సాయంత్రానికి వచ్చేస్తానని అనకాపల్లి పెళ్ళికి వెళ్ళింది. అప్పుడే వచ్చిన బావమరిది దాన్ని చూసి, "ఏటి బావా, కుందేల్ని పెంచుతన్నావా, బొగ్గు దింపుతన్నావా? తలంటు పోసీ, అక్కొచ్చేసరికి మల్లిపువ్వులాగుంటాది" అన్నాడు. ఆదివారమంటే తలంటే అనుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకూ సబబుగానే తోచింది.

నూనె పెట్టలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. కుంకుడు నురగ పట్టించి గోరువెచ్చటి నీళ్ళు పోయగానే అది ఒక్కసారి గింజుకుని, బిగుసుకుపోయి, తడిగుడ్డలా నా చేతుల్లో వాలిపోయింది. ఉన్ని అంతా ఒంటికి అంటుకుపోయాక మిగిలింది గుప్పెడు ప్రాణమే. దాని గుండె నా వేళ్ళ కింద గబగబా కొట్టుకుని, ఉన్నట్టుండి అందకుండా పోయింది. చెవులు చల్లబడ్డాయి. బావమరిది ఒక్కసారి తొంగిచూసి, "నాను డూటీకెళ్తన్నాను బావా" అని జారుకున్నాడు.

దాన్ని తువ్వాలులో చుట్టి, చొక్కాలోపల గుండెకు అదుముకుని, పశువుల డాక్టరుగారింటికి సైకిలు ఎలా తొక్కానో ఇప్పటికీ గుర్తులేదు. ఆయన ముందు తిట్టారు, తర్వాత చూశారు. బతికే ఉందన్నారు. వీటికి స్నానం కూడదని, ఆ భయానికే ప్రాణం పోతుందని, రోజూ మెత్తగా దువ్వడమే శుభ్రమని, చిక్కు పడితే లాగొద్దు, చర్మం కాగితంలా చిరుగుతుందని చెప్పారు. వెచ్చగా ఆరబెట్టమని, అది మేత తిని పెంటికలు వేసేదాకా ఏమీ చెప్పలేమని పంపేశారు.

చిక్కు వదిలిద్దామని చిక్కుల్లో పడ్డ నేను, ఆ మధ్యాహ్నమంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు మీద తువ్వాలు మారుస్తూ, ముక్కు కదులుతోందో లేదోనని వంగి వంగి చూశాను. వీధి చివర బస్సు ఆగిన ప్రతిసారీ నా ఊపిరీ ఆగేది. ఖాళీ ఒడితో మా ఆవిడ ఎలా కూర్చుంటుందో ఊహించలేక కళ్ళు మూసుకునేవాణ్ణి. పొద్దు వాలుతుండగా అది కొత్తిమీర రెబ్బ ఒకటి కొరికింది. ఇంకాసేపటికి నా లుంగీ మీద మిరియాల్లాంటివి నాలుగు రాలాయి. జన్మలో ఇంకే పెంటికలకీ నేను చేతులెత్తి దణ్ణం పెట్టలేదు.

ఇప్పుడన్నీ ఫోనే చెబుతోంది, అడిగితే చాలు. ఒక ప్రాణాన్ని గుండెకు అదుముకుని అంత భయపడే అవసరం ఎవరికీ రావడం లేదు. మంచిదే. అయినా ఆ భయంలోనే నేను దానికి చుట్టమయ్యాను. దుకాణంలో అమ్మాయి దువ్వుతుంటే నా వేళ్ళు వాటంతటవే కదిలాయి.

ఆ సాయంత్రం పెళ్ళినుంచి వచ్చిన మా ఆవిడకు నేనీ సంగతి చెప్పలేదు. మర్నాడు బావమరిదే వచ్చి, "అక్కా, బావ నీ కుందేల్ని సంపీబోయాడే!" అని పడీపడీ నవ్వాడు. సలహా ఎవరిదో మాత్రం మింగేశాడు. కొన్నాళ్ళకు కుందేలు ఉన్ని రాల్చే రోజులొచ్చాయి. వాడు కొత్త నల్ల ప్యాంటు వేసుకుని, పెళ్ళిచూపులకు వెళ్తూ అక్కను తీసుకెళ్దామని వచ్చి కూర్చున్నాడు. ఆవిడ చీర కట్టుకుని వచ్చేలోపు, కాస్త పట్టుకోమని కుందేల్ని వాడి ఒళ్ళో పెట్టాను. లేచి, ప్యాంటు నిండా అంటుకున్న తెల్లటి ఉన్ని చూసుకుని, "ఏటి బావా ఇది! బ్రష్షు, బ్రష్షెక్కడుంది?" అని వాడు ఇల్లంతా వెతుకుతుంటే, నేనూ మంచం కిందికి వంగి మరీ వెతికాను. బ్రష్షు నా జేబులోనే ఉంది.